ఖాదర్ భాయ్ షేర్లు, నా నలభై వారాల గీత

ఒక మంచి మనిషిని నిలువునా ముంచడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదండీ. ఒక గ్రాఫు కాగితం, రెండు రంగుల పెన్సిళ్లు, నాలాంటి తెలివైన స్నేహితుడు ఉంటే చాలు. ఎనభైల మొదట్లో ఉదయగిరి ఖాదర్ భాయ్‌కి ఈ మూడూ ఒకేసారి దొరికాయి. ఎలా ముంచానో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి మాత్రం పదేళ్లు పట్టింది.

అప్పుడు నేను ఆత్మకూరు తాలూకాఫీసులో గుమాస్తాను. అంతకుముందు ఉదయగిరిలో పనిచేసినప్పుడు ఖాదర్ భాయ్ ఇంటి ముందుగదిలో అద్దెకున్నాను. ఆయనది కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే పని. బొంబాయిలో డ్రైవరుగా ఉన్న అన్న ఎప్పుడో ఆయన పేరు మీద ఒక కంపెనీకి దరఖాస్తు పెడితే వంద షేర్లు వచ్చాయి. చమురు కంపెనీలకు సముద్రంలో బావులు తవ్విపెట్టే కంపెనీ అది.

"చమురు వాళ్లదేనా సార్?" అని అడిగాడు ఒకసారి.

"కాదు భాయ్. చమురు ఇంకొకరిది. వీళ్లు తవ్విపెట్టి కూలి తీసుకుంటారు."

"చమురు పడకపోతే?"

"అయినా కూలి ఇయ్యాల్సిందే."

"అయితే మన బోరుబండోడి మాదిరి. నీళ్లు పడినా పడకపోయినా అడుగుకింత అని తీసుకోని పోతాడు. మంచి యాపారం సార్."

ఆ కంపెనీ గురించి తెలియాల్సిందంతా ఆయనకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. ఆ సంగతి నాకే తెలియలేదు. ఎందుకంటే మద్రాసులో పాతపుస్తకాల అంగట్లో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి నా చేతిలో పడి ఉంది. షేరు ధరలు నలభై వారాలవి కూడి, నలభైతో భాగించాలి. ప్రతి వారం అన్నిటికంటే పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని కలుపుకుంటూ పోవాలి. ఆ సగటును గీతగా గీస్తే, ధర గీతకు పైనున్నంతకాలం షేరు భద్రం. కిందికి దిగిందా, వెనకా ముందూ చూడకుండా అమ్మేయాలి. కంపెనీ ఏం చేస్తుందో కూడా తెలియనక్కర్లేదట. నాబోటి బద్ధకస్తుడికి ఇంతకంటే ఏం కావాలి?

ఆఫీసుకు వచ్చే శనివారం ఇంగ్లీషు పేపరు చూసి, ధరను నల్ల పెన్సిలుతో, సగటును ఎర్ర పెన్సిలుతో గీసేవాణ్ణి. కాగితానికి కాగితం అతికించుకుంటూ పోతే అది హాలు దాటి వంటింటి గోడ ఎక్కింది. "ఇంకొక్క జానెడు జరిగితే పొయ్యిలో పెడతా" అంది మా ఆవిడ.

అప్పుడే ఖాదర్ భాయ్‌కి కరెంటు కోతమిషను అవసరమైంది. ఇరవై ఏళ్లు చేత్తో రంపం లాగి లాగి కుడి భుజం పైకి లేవకుండా పోయింది. నెల్లూరులో ఒక అంగడాయనకు బయానా ఇచ్చి, మూడు నెలల గడువు పెట్టుకున్నాడు. షేర్లన్నీ అమ్మితే మిషను ఇంటికొస్తుంది.

"అమ్మేద్దామా సార్?"

"ఆగండి భాయ్. ధర ఎనభై. గీత డెబ్బై కాడ ఉండాది. పైనున్నంతకాలం అమ్మగూడదు."

"మీరు చదువుకున్నోళ్లు. మీ మాటే."

ఎదుటివాడు ఈ మాట అన్నప్పుడు మనిషన్నవాడు భయపడాలి. నేను మీసం దువ్వుకున్నాను.

రెండు నెలల తర్వాత ఒక శనివారం పేపరు తెరిచాను. ఎనభై దాటి ఉండాల్సిన చోట నలభై ఒకటి ఉంది. నా నల్లగీత ఎర్రగీతను దాటి, కాగితాన్ని కూడా దాటి, గోడసున్నం మీదికి దిగింది. దొరికిన బస్సెక్కి ఉదయగిరి వెళ్లాను.

"భాయ్, కొంప మునిగింది. అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టండి."

ఆయన చెక్కుతున్న గరిటెను పక్కన పెట్టాడు. "ఏమైనాది సార్? బోర్లు వేసేది నిలిపేసినారా?"

"లేదు."

"రిగ్గులేమన్నా సముద్రంలో మునిగినాయా?"

"అదీ లేదు."

"మరి ఒక్క వారంలో సగానికి ఎట్ట పడతాది? నా గరిటెను ఎవురన్నా సగం రేటుకు అమ్ముతుండారంటే, అది సగం గరిటన్నా అయ్యుండాల, అమ్మేవోడికి పిచ్చన్నా పట్టుండాల."

"ఇది గరిటెలు చెక్కడం కాదు భాయ్, లెక్క. ఇట్టనే ఉంటే వచ్చే వారానికి ఇరవై అవుతాది."

ఆయన నా మొహం వంక చూసి, సంతకం పెట్టాడు. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సోమవారం నెల్లూరులో బ్రోకరు తలుపు తీయకముందే నేను ఆయన గుమ్మంలో ఉన్నాను. కాగితాలు చూసి, "అయ్యా, అమ్మే ముందర ఒక మాట..." అన్నాడాయన.

"మాటలకు టైము లేదు."

"అది కాదయ్యా, ఈ కంపెనీ మొన్న..."

"మొన్న ఏం చేసిందో నాకక్కర్లేదు. ధర గీత కిందికి దిగినాది. అమ్మండి."

అంతటితో ఊరుకోకుండా, నలభై వారాల సగటు మీద ఆయనకు పావుగంట పాఠం చెప్పాను. పాపం, ఆయన ఓపిగ్గా విని అమ్మేశాడు.

వచ్చిన డబ్బు సగం మిషనుకే సరిపోతుంది. సగం మిషను ఎవరూ అమ్మరు. డబ్బు చేతిలో పెడితే, "పోనీలే సార్, ఎడమ భుజం బాగానే ఉండాది గదా" అన్నాడు ఖాదర్ భాయ్, నవ్వుతూనే.

నెల తిరక్కముందే ఆయన ఆత్మకూరులో బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. చేతిలో రిజిస్టరు కవరు ఉంది.

"సార్, మనం అమ్మిన షేర్లు మళ్లీ వచ్చేసినాయి. కొన్నోడికి నచ్చలేదేమో చూడండి."

విప్పి చూస్తే, అవి వేరే వంద షేర్లు. బోనసు. ఉన్న ప్రతి షేరుకూ ఇంకో షేరు ఉచితంగా ఇచ్చారు. ఒకటి రెండయింది గనక ధర సగమైంది, అంతే. ఎవరికీ నయాపైసా నష్టం లేదు. ఆ సంగతి చెప్పే పేజీలు నా పుస్తకంలో అట్టతోపాటే ఊడిపోయినట్టున్నాయి.

"ఇంత పని చేసేటప్పుడు ముందుగా ఒక ఉత్తరమన్నా రాయగూడదా వీళ్లు?" అన్నాను కోపంగా.

"రాసినారు గదా సార్. ఇంగిలీషులో ఉండాదని మీకే తెచ్చిచ్చినాను."

మా ఆవిడ లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చింది. ఒకవైపు బోనసు కబురు అచ్చేసి ఉంది. రెండోవైపు తెల్లగా, నున్నగా ఉందని నేను నలభై వారాల కూడికలు చేసుకున్నాను. ఒక్క కొట్టివేత లేకుండా, ఎంత ముచ్చటగా చేశానో.

ఖాదర్ భాయ్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే అది సగం గరిటే" అన్నాడు నెమ్మదిగా.

ఆ కొత్త వంద ఎప్పుడు అమ్మాలో ఆయన నన్ను అడగలేదు. అంగడాయన్ని బతిమాలి గడువు పెంచుకున్నాడు. తవ్వకాల పని జోరుగా ఉందని అన్న రాస్తే కొన్నాళ్లు ఆగి, ధర అరవైకి చేరాక అమ్మి మిషను తెచ్చుకున్నాడు. నా సలహా అందిన వంద షేర్లు నలభై ఒకటికి పోయాయి. నేను సలహా ఇచ్చే వేళకు దారిలో ఉన్న వంద షేర్లు బతికిపోయాయి.

మిషను మొదటిసారి తిప్పిన రోజు నన్ను పిలిచి మిఠాయి పెట్టాడు. రంపం గిర్రున తిరుగుతోంది, ఆయన కుడిచెయ్యి కొయ్యను ఊరికే ముందుకు తోస్తోంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ ఊపులో లేచి నిలబడి అందరి ముందూ గంభీరంగా ప్రమాణం చేశాను.

"ఖాదర్ భాయ్, ఒట్టేసి చెప్తా ఉండా. ఈ జన్మలో ఇంకొకరి షేరుకు సగటు గీత గీయను. ఎప్పుడు అమ్మాలో ఎవురికీ చెప్పను. ఏ కాగితమైనా రెండువైపులా చదవందే పెన్సిలు ముట్టుకోను."

ఆయన మిషను ఆపి, చొక్కా మీది పొట్టు దులుపుకున్నాడు.

"ఈ ఒట్టు ఎప్పటికీనా సార్, నలభై వారాలకేనా?"