చౌటుప్పల్ రోడ్డు మీద నా అగ్నిపర్వతం

కొత్త రాష్ట్రం వచ్చిన తొలినాళ్లలో చౌటుప్పల్ దారిలో కంది చేలన్నీ వరసగా ప్లాట్లవుతున్నాయి. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివిన నేను మాత్రం ఇంకా ఏమీ కాలేదు. చదివిన చదువు ఎక్కడైనా పనికొస్తుందని ఆ వయసులో ఎంత నమ్మకమో! ఒక రియల్ ఎస్టేట్ సేటు నన్ను బోరు పాయింట్లు చూపడానికి పెట్టుకున్నాడు. (నేను మిషన్ పెట్టి చూపిన జాగాను, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే ఒకాయన ఒప్పుకుంటేనే బోరు దిగేది. ఇది నేను మరిచిపోయాననుకుంటే సేటు పొరపాటు.)

ఒకరోజు సేటు టీవీలో సముద్రం నడుమ నిప్పులు కక్కే దీవిని చూశాడు. వెంచర్ గేటు ముందరి కుంటలో అలాంటిదే కావాలన్నాడు. "రాళ్ల సదువు సదివినవ్ గద, నువ్వే కట్టియ్యి. మంచిగ కుదిరితె నీకు విజిటింగ్ కార్డు కొట్టిపిస్త, భూగర్భ శాస్త్రవేత్త అని." మా బాపు నా గురించి అడిగినవాళ్లకు "మావోడు బోర్ల కాడ ఉంటడు" అని చెప్పుకునే రోజులవి. ఆ కార్డు ఒక్కటి బాపు చేతిలో పెడితే చాలనుకున్నాను.

అందుకే ఉన్నది ఉన్నట్టు కట్టాను. అలాంటి చిన్న దీవుల్లో లావా పలుచన. నిలబడదు, దూరం పారి పరుచుకుంటుంది, దాని మీద ఇంకో పొర. చివరికి దీవి బోర్లించిన డాలులా ఉంటుంది, కొండలో ఎక్కువ భాగం నీళ్ల కిందే. నేనూ మొరం పొరలు పొరలుగా పోయించి, అంచు చుట్టూ నల్లరాళ్లు సిమెంటుతో పేర్చి, నెత్తిన చిన్న గుంత తీసి అందులో ఎర్రబల్బు, పొగమిషన్ పెట్టించాను.

నీడలో కూడా నల్లద్దాలు తియ్యని సేటు బామ్మర్ది వచ్చి చూశాడు. "ఏంది సారూ, గుట్ట కట్టుమంటె దోశ పోసినవ్?" ఆ రోజు నుంచి మేస్త్రీ మొదలు వాచ్‌మన్ దాకా అందరికీ నేను దోశ సారునే.

"గుట్టేది?" అన్నాడు సేటు.

"శానమటుకు నీళ్ల కింద ఉంటది సేట్."

"నీళ్ల కిందిదాన్ని జూసి ప్లాటెవడు కొంటడు?"

(బండరాళ్ల గుట్టల నడుమ పుట్టినవాళ్లం, ఎక్కితే రొప్పు రానిదాన్ని కొండంటే ఎలా నమ్ముతాం!) ఎత్తుగా కనబడాలని బామ్మర్ది దాని మీద తారు డ్రమ్ము నిలబెట్టి సిమెంటు పూద్దామన్నాడు. నేను చేతులు చాపి అడ్డం నిలబడ్డాను. డ్రమ్ము వెనక్కి పోయింది.

ప్రారంభం నాడు పట్నం నుంచి బస్సుల్లో జనం దిగారు. అదే వేళకు, రోజూ ఆ కుంటలో మునిగే బర్రెలూ వచ్చాయి. ఏటవాలు అంత తక్కువైతే అవి ఎందుకాగుతాయి? నిమ్మళంగా ఎక్కాయి. అన్నిట్లో పెద్దది నెత్తిన గుంతను ఆనుకుని పండుకుంది. సరిగ్గా అప్పుడే బామ్మర్ది స్విచ్చేశాడు. ఎర్రటి వెలుగు, పొగ, నడుమ నెమరేస్తున్న బర్రె. పొగకు అది బెదరలేదు సరికదా, హాయిగా కళ్లు మూసుకుంది. దాని వెంట వచ్చిన అవ్వ నన్ను చూసి రెండు చేతులెత్తింది. "దోమలు గుట్టకుంట బర్రెకు పొగ వెట్టిన్రు, సల్లగుండు బిడ్డా!"

జనం ప్లాట్లు చూడ్డం మాని ఫోన్లు తీశారు.

"నిలువుగ ఉంటె అది ఎక్కునా?" సేటు పళ్లు కొరికాడు.

"దీవి ఎట్లుంటదో బర్రెకు సమజైంది సేట్, మీ బామ్మర్దికే కాలె."

కార్డు ముచ్చట అక్కడితో ముగిసింది, ఉద్యోగం కూడా.

కొన్ని వానాకాలాలయ్యాక బామ్మర్ది ఫోన్ చేశాడు. "దోశ సారూ, నీ దీవి కుంగుతాంది."

"అసలైనవి గూడ బరువుకు గట్లనే కుంగుతయి," అన్నాను. నా సంతోషం వినలేక ఫోన్ పెట్టేశాడు.

ఇప్పటికీ ఆ దారిన పోతే బండి ఆపుతాను. దీవి లేదు. అంచున నేను పేర్పించిన నల్లరాళ్లు మాత్రం గుండ్రంగా నీళ్ల పైకి కనబడుతున్నాయి, వాటి మీద కొంగలు. వెచ్చటి సముద్రాల్లోనూ అంతే, కొండ మునిగాక దాని చుట్టూ పెరిగిన పగడాల వలయం ఒక్కటే మిగులుతుంది. ఆ రాళ్ల నడుమ, డ్రమ్ముకు అడ్డంగా చేతులు చాపిన ఓ బక్కపల్చటి పిలగాడు నాకు కనిపిస్తాడు. నవ్వొస్తుంది. అయినా వాడికి ఆ కార్డు కొట్టించి ఇయ్యాల్సిందే.