షిగెకి కడుపునొప్పి

మా రేవులో తినే సముద్రపు నాచు ఉడకబెట్టి ఉప్పు పట్టించే షెడ్డు నాది. షిగెకి నా దగ్గరే పనిచేసేవాడు. ఇరవయ్యో ఏట వాడికి చెవుల్లో ఎవరెవరివో మాటలు వినిపించడం మొదలైంది. స్కిజోఫ్రీనియా అన్నారు. మందులు ఆ మాటల్ని తగ్గించాయి గానీ మనిషిని పీపాలా లావు చేశాయి.

చాలా ఏళ్ల తర్వాత ఒక చలికాలం వాడు చిక్కిపోయాడు. మాకెంత సంబరమో. "ఏమోయ్ షిగెకి, పెళ్లిచూపులకా?" అని ఆడవాళ్లు ఆటపట్టిస్తే సిగ్గుపడి, బెల్టుకు కొత్త బెజ్జం పొడుచుకున్నాడు. తెచ్చుకున్న అన్నం ముద్దలు మాత్రం రేవు పిల్లులకు వేసేవాడు.

"కడుపులో ఏదో కొరుకుతోందక్కా" అన్నాడొకరోజు. ఊళ్లో డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన కడుపు మీద చెయ్యయినా వెయ్యలేదు. వాడు మింగే మందుల పేర్లు చూసి, "మీ మనసు డాక్టరుకే చెప్పుకోండి" అన్నాడట. మనసు డాక్టరేమో నిద్ర పడుతోందా, మాటలు వినిపిస్తున్నాయా అని అడిగి మోతాదు పెంచాడు. ఇదెక్కడి న్యాయం? మాకు కడుపు నొస్తే కడుపు చూస్తారు. వీడికి కడుపు నొచ్చినా తలే చూస్తారు.

"నిజంగానే నొస్తోందంటావా అక్కా, లేక నాకలా అనిపిస్తోందా?" అని నన్నే అడిగేవాడు.

"నొస్తోందని నువ్వంటే నొస్తున్నట్టేరా."

వాడికి నమ్మకం కుదిరేది కాదు. నేను డాక్టర్ని కాను కదా.

జూన్‌లో ఆరోగ్య పరీక్షల బస్సు వచ్చింది. ఏటా ఊరంతా వరసలో నిలబడి అందులో కడుపు ఎక్స్‌రే తీయించుకుంటాం. షిగెకి ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. చీటీలిచ్చే ఆయన మర్యాదగానే, "మీరు నెలనెలా ఆసుపత్రికి వెళ్తూనే ఉన్నారు కదా, మీకెందుకండీ ఇది?" అన్నాడు. షిగెకి వంగి నమస్కరించి పక్కకు తప్పుకున్నాడు. ఏటా అలాగే తప్పుకునేవాడట. నాకు ఒళ్లు మండిపోయింది.

"వాడు వెళ్లేది తల చూపించుకోడానికి. కడుపెవరు చూశారు? ముందు వీణ్ణి ఎక్కించండి, మా షెడ్డువాళ్లం తర్వాతే ఎక్కుతాం" అని రెక్క పట్టుకుని బస్సెక్కించాను.

ఆ ఎక్స్‌రే చూసి పెద్దాసుపత్రికి రమ్మంటే నేనే వెంట వెళ్లాను. అక్కడి డాక్టరు కుర్రవాడు, పాపం. కాగితాలు సర్దుకుంటూ చెప్పాడు. కడుపులో క్యాన్సరట. కాలేయం దాకా పాకిందట. ఆపరేషన్‌కు వీల్లేదన్నాడు.

"ఇంత నొప్పి ఇన్నాళ్లూ ఎలా ఓర్చుకున్నారండీ?" అని షిగెకిని అడిగాడు.

షిగెకి తెర మీద డాక్టరు చూపించిన మచ్చను చాలాసేపు చూసి నావైపు తిరిగాడు. వాడి మొహం అంత తేలిగ్గా ఉండగా నేనెన్నడూ చూడలేదు.

"చూశావా అక్కా. నాకు నిజంగానే నొచ్చింది."

"అవునురా" అన్నాను.