చుట్టుకొక వేలిముద్ర

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండర్రా. సంచులు పక్కన పెట్టండి. ఇవాళ నాకు ఒళ్లు మండిపోతోంది. మీ మీద కాదులెండి. నిన్న ఆటోనగర్‌లో నేను చేసిన ఘనకార్యం వినండి, మీకే తెలుస్తుంది.

మా చెల్లెలి భర్త డేవిడ్‌కి అక్కడ చిన్న షెడ్డు ఉంది. లైటు వెలుగును సమంగా పరిచే ప్లాస్టిక్ ఫిల్మ్ చేస్తాడు. ఫిల్మ్ మీద తేనెలాంటి ఎపాక్సీ జిగురు పూస్తే, సన్నగీతలు చెక్కిన రోలరు దాన్ని ఒత్తుతూ తిరుగుతుంది. ఒత్తిన చోటే అల్ట్రావయొలెట్ లైటు పడి జిగురు గీతలతో సహా గట్టిపడుతుంది. చుట్టు వెనక చుట్టు, ఆగకుండా. అతనికిది మొదటి ఆర్డరు. మూడింటికి ఆర్డరిచ్చిన పార్టీ వచ్చి చూసుకుంటాడు. నచ్చకపోతే షెడ్డుకి తాళమే.

రోలరుకి జిగురు తడి ఉండగానే ట్రయల్ ఆపి, "బావా, నానెళ్లి పార్టీని తీసుకొత్తాను. నువ్వేటీ ముట్టుకోకు. కిటికీ జోలికెళ్లకు" అని మరీ చెప్పి వెళ్లాడు.

గదిలో పసుపు లైటు, కిటికీకి నల్లగుడ్డ. ఇరవయ్యేళ్లుగా ఏ గదిలోకెళ్లినా ముందు కిటికీ తెరిచే చెయ్యి నాది. పైగా మీ కాంపోజిషన్లు దిద్దాలి. గాలీ వెలుతురూ గురించి నాకు చెప్పడానికి వీడెవడని కోపమొచ్చింది. గుడ్డ లాగి రెక్కలు బార్లా తీశాను. ఎండ తిన్నగా రోలరు మీద పడింది.

రెండు పుస్తకాలు దిద్ది చూద్దును కదా, రోలరు మీది తడి చిక్కబడుతోంది. ఎండలోనూ ఆ అల్ట్రావయొలెట్ కిరణాలుంటాయని ఎనిమిదో క్లాసుకి చెప్పిందీ నేనే. బొటనవేలితో నొక్కి చూశాను. జిగట. గబగబా కిటికీ మూసేశాను. చీకటి చేస్తే ఆగుతుందనుకున్నాను. ఎపాక్సీ అలా ఆగదట. ఒకసారి వెలుగు తగిలిందంటే చీకట్లోనూ గట్టిపడుతూనే ఉంటుందట.

డేవిడ్ పార్టీతో వచ్చి, "ఏటి బావా, ఏటైనా కదిపీసేవేటి?" అన్నాడు.

"నన్ను దొంగని చేస్తావేంటి? నాకేం పని?" అని ఎదురు కసిరాను.

మిషను ఆన్ చేశాడు. వచ్చినాయన ఫిల్మ్‌ని వెలుగుకి పట్టి, మూరెడు జరిపి, ఇంకో మూరెడు జరిపి, "ఇదేం డిజైనండీ?" అన్నాడు.

ఎండ తగిలిన చోట జిగురు రోలరు గీతల్లోనే గడ్డకట్టింది కదా, అది తిరిగిన ప్రతి చుట్టుకీ గీతల్లేని మచ్చ, దాని నడుమ బొటనవేలి ముద్ర. గది ఈ చివర్నించి ఆ చివరికి, వరసగా.

డేవిడ్ ఆ ముద్ర చూశాడు, నా వేలు చూశాడు. వారం గడువిమ్మని ఆయనకి చేతులు జోడించాడు. ఆయన విసుక్కుంటూనే ఇచ్చి వెళ్లాడు.

అప్పుడన్నాడు: "మీ పద్మనాభం ఊళ్లో ముసిలోళ్లందరికీ సంతకం నేర్పీసినావు కదా బావా. నువ్వేటి, ఇంకా ఏలిముద్ర కాడే ఉన్నావు?"

ఆ మాట తగిలిన దగ్గర్నించీ నా కోపం ఆ ఎపాక్సీలాగే గట్టిపడుతోంది. నా మీదే.

ఇక లేవండి. ఇళ్లకెళ్లి అన్నాలు తినండి. రేపు నేను రిజిస్టర్లో సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఎవరూ నవ్వకండి.