బుడిపెకు ఇంగ్లీషు పేరు

ఎనభైల మొదట్లో నేను ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాని. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా గ్రంథాలయం పెట్టిందే. రోజూ సాయంత్రం మిల్లు వదలగానే నేరుగా అక్కడికే పోయేవాణ్ణి.

ఆ సంగతి తెలిసే, ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా మామ ఒకరోజు బస్సెక్కి నా దగ్గరికి వచ్చినాడు. బొంబాయి వ్యాపారి ఒకాయన కర్టెన్ల గుడ్డకని నూలు పంపి, ముందు గజం మచ్చు నేసి చూపమన్నాడట. నచ్చితే ఏడాది పొడుగునా పని. కానీ గుడ్డలో 'స్లబ్' కనబడాలట. అదేమిటని అడగడానికి మామకు నామోషీ.

నాకూ తెలియదు. ఆ మాట పైకి అనకుండా గ్రంథాలయానికి తీసుకుపోయినాను. అట్ట ఊడిన పెద్ద నిఘంటువులో దొరికింది: నూలుపోగు సమంగా లేక అక్కడక్కడా లావెక్కిన చోటు. అంటే మన బుడిపె. తర్వాత పుట్టుక చూసినాను. గ్రీకో లాటినో అయితే మామ ముందు కాస్త గొప్పగా చెప్పొచ్చు కదా. 'పుట్టుక తెలియదు' అని ఉంది. అంత లావు పుస్తకానికీ తెలియనిది ఒకటుందని నాకు భలే హుషారొచ్చింది. మామకు మాత్రం అనుమానమే మిగిలింది.

"బుడిపెల గుడ్డ ఎవడు కొంటాడప్పా?"

ఆదివారం నేను ఎమ్మిగనూరు పోయేసరికి మచ్చు మగ్గం దిగింది. చేత్తో నిమిరితే ఒక్క బుడిపె తగల్లేదు. మధ్యాహ్నానికి వ్యాపారి మనిషి వస్తాడు. మామ ముఖం మాడిపోయింది. చూస్తే, రాట్నం ముందు అత్త. నూలును కండెలకు చుట్టేటప్పుడు వేళ్ల మధ్యకొచ్చిన ప్రతి బుడిపెనూ గిల్లి పారేసింది. చిన్నప్పటి నుంచి ఆమె నేర్చిన పనే అది. మామ వద్దని చెప్పలేదా అంటే, చెప్పినాడంది.

"చేతులు వినల్యా, అల్లుడా."

మిగిలిన నూలుతో మళ్లీ మొదలుపెట్టినారు. ఈసారి అత్త వేళ్లకు పాతగుడ్డ చుట్టుకుని, ముఖం గోడవైపు తిప్పి కండెలు చుట్టింది. మామ పరుగుమీద మూరెడు నేసినాడు. వచ్చినాయన ఆ ఎగుడుదిగుళ్లు తడిమి తడిమి మురిసిపోయినాడు. పని మీకేనని చెప్పి వెళ్లినాడు.

మామ నా వీపు చరిచినాడు. అత్త వేళ్ల గుడ్డ విప్పుతూ ఆయనతో మెల్లగా అంది.

"నేసేది నేద్దాం. మనం నేసినామని మాత్రం వీధిలో చెప్పొద్దు."