ప్రతి దీపానికీ ఒక గుడి

మా బావగారికి రెండు భాషలు క్షుణ్ణంగా వచ్చని ఆయన నమ్మకం. హిందీ సంగతి నిజమే. ఆయన రాయపూర్‌లోనే పుట్టారు, ఇక్కడి బడిలోనే చదివారు. మందుల కంపెనీ ప్రతినిధిగా బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఇక్కడి డాక్టర్ల గుమ్మాల ముందు కూర్చునే తల నెరిపించుకున్నారు. తెలుగంటారా, వాళ్ళ తాతగారు విజయనగరం నుంచి కట్టుకొచ్చిన మూటలో అడుగున ఎంత మిగిలిందో అంత. అన్నం, కూర, రా, పో, గుడి, బడి. ఆ కాస్త తెలుగుతో ఆయన నా కళ్ళ సంగతి డాక్టరుకు విన్నవించారు.

నేను ఆయన తమ్ముడి భార్యని. విజయనగరం దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక ఈ ఊరొచ్చాను. హైస్కూల్లో చేరినప్పటి నుంచీ కళ్ళద్దాలే. సోడాబుడ్డి అని పిలవని మనిషి మా ఊళ్ళో లేడు. ఇక్కడికొచ్చాక ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రం బ్యాచికి ఇంగ్లీషు టైపు నేర్పే పని సంపాదించుకున్నాను. మా ఆయన ఉర్లాలో ఇనుప దూలాలు చేసే ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేసేవారు. ఆయన వస్తే తీసుకెళ్ళాలి, పోతే దింపాలి అనే గొడవ లేకుండా నేనొక మోపెడ్ నేర్చుకున్నాను. దీపాలు పెట్టే వేళకు ఇంటి నుంచి బయలుదేరి, బ్యాచి అయ్యాక లారీల రోడ్డు మీదుగా ఒక్కదాన్నే ఇంటికి వచ్చేదాన్ని. రోజు మొత్తంలో నన్ను ఎవరూ ఏమీ అడగని సమయం అదొక్కటే. దాని కోసమే మిగతా రోజంతా భరించేదాన్ని.

అప్పటికింకా మాది మధ్యప్రదేశే. కొత్త రాష్ట్రం వస్తుందని టీ కొట్ల దగ్గర మాట్లాడుకుంటున్న రోజులు. రాష్ట్రం కన్నా ముందు ఊళ్ళోకి లేజర్ వచ్చింది. ఒక కళ్ళ డాక్టరు విదేశం నుంచి యంత్రం తెప్పించి, దాని పక్కన తాను నిలబడ్డ ఫోటో ఒకటి నిలువెత్తున కట్టించి, ఆస్పత్రి గుమ్మంలో పెట్టాడు. మా బావగారికి ఆ డాక్టరు బాగా తెలుసు. తెలుసంటే, ఆయన గది ముందు బావగారు బాగా కూర్చున్నారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు, ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ యంత్రం గురించి చెప్పడమే పని అయింది. ఇంట్లో అద్దాలు ఎవరికున్నాయి? నాకున్నాయి. ఇంకేం, ముహూర్తం పెట్టేశారు.

నాకూ ఆశ లేకపోలేదు. వానలో బండి నడుపుతుంటే అద్దాలు తుడుచుకోలేక చచ్చేదాన్ని. అందుకని ఒప్పుకున్నాను. ఆపరేషన్ చిటికెలో అయిపోయింది. ఎర్రటి చుక్కని చూడమన్నారు, జుట్టు కాలినట్టు వాసన వచ్చింది, లేవమన్నారు. మర్నాడు పొద్దున్న మంచం మీద నుంచే గోడ మీది క్యాలెండర్‌లో తిథులు చదివాను. ఆ పొద్దున్న ఏడ్చాను, అది నిజం. బావగారు ఆ ఏడుపును కూడా తన ఖాతాలోనే వేసుకుని వీధంతా చెప్పుకున్నారు.

మళ్ళీ బ్యాచికి వెళ్ళిన మొదటి సాయంత్రం తెలిసింది అసలు సంగతి. చీకటి పడగానే వీధి దీపం చుట్టూ పెద్ద వలయం. స్కూటర్ లైటు చుట్టూ ఇంకొకటి. ఎదురుగా లారీ వస్తే రెండు లైట్ల వలయాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, రోడ్డు, మనిషి, గొడ్డు ఏమీ కనపడకుండా తెల్లగా కమ్మేసింది. బండి దిగి, పక్కకు తోసుకుంటూ ఇంటికొచ్చాను. పగలు సూదిలో దారం ఎక్కించగలను. రాత్రయితే ఎదుటి సైకిలు కనపడదు.

మా వైపు చంద్రుడి చుట్టూ అలాంటి వలయం కనిపిస్తే గుడి కట్టిందంటారు. వరదగుడి. దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన అని మా నాయనమ్మ ఆకాశం చూసి వడియాలు ఎత్తించేది. అందుకే నేను నాకొచ్చిన మాటే బావగారితో చెప్పాను.

"దీపం చూస్తే చాలు, చుట్టూ గుడి కట్టేస్తంది బావగారూ. బండి మీద వెళ్ళలేకపోతన్నాను."

ఆయన చాలా గంభీరంగా తలూపారు. మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మా ఆయనకు పగటి షిఫ్టు. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. డాక్టరుతో ఆడవాళ్ళు మాట్లాడరు, బావగారు మాట్లాడతారు. డాక్టర్ల భాష ఆయనకు తెలుసు కదా. నన్ను కళ్ళలో చుక్కలు వేయించి బయట బెంచీ మీద కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి, కాసేపటికి నవ్వుకుంటూ బయటకొచ్చారు. "ఏం లేదమ్మా. నంబర్ పూరా ఉతరిపోయింది. మిగతాది మన్ కా భరమ్ అంట," అన్నారు. నెంబరు పూర్తిగా దిగిపోయిందట, మిగిలింది నా మనసు భ్రమట. చేతిలో నిద్రమాత్రల చీటీ పెట్టారు. కళ్ళకు నిద్రమాత్రలేమిటో నాకు అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చేసింది మా తోటికోడలు. ఆవిడ ఎన్నడూ లేనిది నా చేత సంధ్యాదీపం పెట్టించడం మొదలుపెట్టింది. నేను వెలిగిస్తుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడేది. తర్వాత పక్కింటావిడ వచ్చింది. ఆవిడ వెనక ఎదురింటి ముసలమ్మ కొబ్బరికాయ పట్టుకుని వచ్చి, నా గడ్డం పట్టుకుని, "కా దేఖథస్ ఓ బహూ?" అని తన ఛత్తీస్‌గఢీలో అడిగింది. ఏం కనిపిస్తోందే కోడలా అని. ఏం కనిపిస్తుంది, ఆవిడ ముక్కుపుడక కనిపిస్తోంది. అదే చెప్పాను. ఆవిడకు నచ్చలేదు.

చివరికి తోటికోడలే గుట్టు విప్పింది. దీపంలో నాకు మందిర్ కనిపిస్తోందట. బావగారు డాక్టరుతో చెప్పింది అదీ. మా మరదలికి దీపం చూస్తే మందిర్ కనిపిస్తోంది డాక్టర్ సాబ్, లైటు లైటుకీ ఒక మందిర్ అని. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, అంత చదువు చదివిన డాక్టరు కూడా ఎలాంటి మందిర్ అని ఒక్క మాట అడగకుండా నిద్రమాత్రలు రాసిచ్చాడు. ముందు పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాత ఒళ్ళు మండింది. నా కళ్ళు పోతుంటే వీళ్ళు కొబ్బరికాయలు కొడుతున్నారు.

బావగారికి విప్పి చెప్పాను. గుడి అంటే వలయం అని, అక్షరం నెత్తిన చుట్టే సున్నను కూడా గుడి అనే అంటామని. ఆయనకు తెలుగు అక్షరం రాదు కాబట్టి అది తలకెక్కలేదు. గుడి అంటే మందిరే, చిన్నప్పటి నుంచీ నాకు తెలీదా అన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పైగా, మందిర్ కనిపించడం మంచిదే కదా, ఎందుకు కాదంటావని నన్నే బుజ్జగించారు. ఆ మనిషి తెలివితక్కువతనాన్ని క్షమించగలను. అది తనకు లేదన్న ధీమాను క్షమించలేను.

ఈలోగా ఇన్‌స్టిట్యూట్ యజమాని నా తంటాలు గమనించాడు. కొన్నాళ్ళు ఒక విద్యార్థిని నాతో పాటు నడిచి వచ్చింది, కొన్నాళ్ళు రిక్షా పట్టుకున్నాను. ఒక సాయంత్రం బండి తోసుకుంటూనే, దీపం లేని తోపుడు బండికి తగిలి మోకాలు చీల్చుకున్నాను. నెలాఖరు లోపల ఏదో ఒకటి తేల్చుకోమని, లేకపోతే బ్యాచి ఇంకొకరికి ఇస్తానని యజమాని మర్యాదగానే చెప్పాడు. పొద్దుటి బ్యాచికి వేరే మేష్టారున్నారు. అంటే నాకు పనే ఉండదు.

అప్పుడు మా ఆయనను సెలవు పెట్టమన్నాను. ఈసారి నేనే మాట్లాడతానని చెప్పాను. ఆయన మంచి మనిషి. సరేనన్నారు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. పిలవకపోయినా బావగారు కూడా బయలుదేరారు.

డాక్టరు గదిలో ట్యూబులైట్లు పెళ్ళి పందిరిలా వెలుగుతున్నాయి. బోర్డు మీద అక్షరాలు చదవమన్నాడు. చివరి వరస దాకా గడగడా చదివాను. చూశారా, సిక్స్ బై సిక్స్ అని మా ఆయన వైపు తిరిగాడు. నా కళ్ళు బాగున్నాయని నాకు చెప్పడం కూడా ఆయనకు తోచలేదు. లైట్లు ఆర్పండి అన్నాను హిందీలో. నా హిందీ అందంగా ఉండదు, కానీ దాంట్లో గుడికి మందిర్ అనను. ఆయన వినిపించుకోనట్టు కాగితాలు సర్దాడు. మళ్ళీ అన్నాను. చివరికి విసుగ్గా స్విచ్‌లన్నీ కట్టేసి, గోడ పక్కన ఒక చిన్న టార్చి వెలిగించాడు. నేను బల్ల మీది కాగితం తీసుకుని, ఆ చీకట్లోనే టార్చి చుట్టూ నాకు కనిపిస్తున్నది గీసి ఇచ్చాను. మధ్యలో చుక్క, చుట్టూ మందపాటి వలయం, దాన్ని చీల్చుకుని బయటకు వస్తున్న గీతలు.

లైట్లు వేసి ఆ కాగితాన్ని ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. చీకట్లో నా కంటిపాప మామూలుకన్నా పెద్దగా విప్పారుతుందట. లేజర్ సరిచేసిన మేర దానికి సరిపోలేదట. అంచుల్లోంచి వచ్చే వెలుగు అలా చెదురుతుందట. ఎక్కువ నెంబరున్న కొందరికి ఇలా అవుతుందట. ఆపరేషన్‌కు ముందు చీకట్లో నా కంటిపాప కొలిచారా అని అడిగాను. ఆయన గంట కొట్టి టీ తెమ్మన్నాడు. మా బావగారు మాత్రం, "తెలుగు ఐసీ హీ భాషా హై, డాక్టర్ సాబ్," అని నవ్వారు. నా కళ్ళు చెడింది యంత్రం వల్లా కాదు, డాక్టరు వల్లా కాదు, తన వల్ల అసలే కాదు, తెలుగు అలాంటి భాష కావడం వల్ల.

దీన్ని బాగుచేయడం కుదురుతుందా అన్నాను. ఇప్పటికి కుదరదన్నాడు. అలవాటైపోతుందన్నాడు. రాత్రి బండి మాత్రం నడపొద్దన్నాడు. నాకు సాయంత్రం ఉద్యోగం ఉందన్నాను. అప్పుడు ఆయన మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి, నన్ను కాక మా ఆయనను చూస్తూ తీరుబడిగా అడిగాడు.

"చీకటి పడ్డాక ఆడవాళ్ళకు బయట ఏం పని?"

బావగారు తలూపారు. అది నేను లెక్కచేయలేదు. ఆయన ఏ డాక్టరు ఏమన్నా తలూపుతారు. నేను మా ఆయన వైపు చూశాను. ఈ ఇంట్లో నా మాట ఉన్నదున్నట్టుగా అర్థమయ్యే మనిషి ఆయనొక్కడే అనుకునేదాన్ని. గుడి అంటే ఏమిటో, నా తెలుగు వినీ వినీ, ఆయనకు తెలుసు. ఆ బండి మీద నేను ఇంటికి వచ్చే ఆ కాస్త దారి నాకు ఏమిటో కూడా ఆయనకు తెలుసు. ఒక రాత్రి నేనే చెప్పాను, ఆయన విన్నారు.

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అదే సార్, నేనూ ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నా," అన్నారు.

ఎన్నాళ్ళ నుంచో. అంటే ఆపరేషన్‌కు ముందు నుంచీ. ఆ ముగ్గురూ కలిసి నవ్వుతూ టీ తాగారు. డాక్టరు మా ఆయనతో కరచాలనం కూడా చేశాడు. నేను అక్కడే కూర్చుని, వాళ్ళ గ్లాసులు ఖాళీ అయ్యేదాకా చూశాను. ఆ ముగ్గురిలో డాక్టరు మీద నాకు కోపం రాలేదు, బావగారి మీద కొత్తగా రావడానికి ఏమీ మిగల్లేదు. మూడో మనిషిని చూస్తే మాత్రం అసహ్యం వేసింది. అంతవరకూ ఆ మాట ఆయన గురించి ఎప్పుడూ అనుకోలేదు.

బయటికి వచ్చేసరికి మసక పడుతోంది. మా ఆయన స్కూటర్ స్టార్టు చేసి, కూర్చో అన్నారు. నేను వెనక కూర్చున్నాను. అప్పటి నుంచీ వెనకే కూర్చుంటున్నాను.