నలభై రోజుల పడుగు

మొన్న కాట్పాడి స్టేషనులో ఆంబూరు బండి కోసం కూర్చుని ఉంటే నా పక్కనున్న పెద్దమనిషి దగ్గాడు. రెండో దగ్గుకు బెంచీ చివర ఉన్నవాళ్ళు లేచారు. మూడో దగ్గుకు మేమిద్దరమే మిగిలాం. పాపం ఆయన మొహం చిన్నబుచ్చుకుని, "పొగాకు దగ్గమ్మా ఇది, ఆ జ్వరం కాదు" అన్నాడు. "జ్వరమైనా ఏం జేస్తాది నాయనా, దీని అమ్మమ్మనే చూసినదాన్ని నేను" అన్నాను. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా కోడలు తల పట్టుకుంది. ఊళ్ళోకి ఫ్లూ వచ్చిందని పేపరులో పడిన రోజే అది నెలకు సరిపడా మాత్రలు, మందునీళ్ళ సీసాలు తెచ్చి అలమారులో పెట్టి తాళం వేసింది. తాళంచెవి బొడ్లో దోపుకుంటున్న కోడల్ని చూస్తే నాకు మా అత్త గుర్తుకొచ్చింది. నలభై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు నాకు పదహారేళ్ళు. వేలూరు నుంచి గుడియాత్తం కాపురానికి వచ్చి ఏడాది కూడా నిండలేదు.

మా అత్త గురించి చెప్పాలంటే మగ్గం దగ్గర మొదలుపెట్టాలి. మా వీధి ఆడవాళ్ళు కండెలు చుట్టేవారు, నూలు సరిచేసేవారు, తెగిన పోగులు అతికేవారు. మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేది మాత్రం మగవాళ్ళే. మామ పోయాక ఆయన మగ్గం మూడు నెలలు ఖాళీగా ఉందట. నాలుగో నెలలో ఒకనాడు అత్త కుచ్చిళ్ళు ఎగదోపుకుని గుంటలో దిగింది. వీధి పెద్దలు వచ్చి ఇదేం చోద్యమని అడిగితే, "గుంటలో గదా దిగినాను, మీ నెత్తినేమీ ఎక్కలేదే!" అందట. తర్వాత ఎవరూ అడగలేదు. నేను వచ్చేనాటికి ఇంట్లో రెండు మగ్గాలు, ఒకటి ఆమెది, ఒకటి మా ఆయనది. ఆమె నేసిన లుంగీ గుడ్డ అంచు బద్ద పెట్టి గీసినట్టుండేది. నోరు మాత్రం అంత తిన్నగా ఉండేది కాదు. నా వంటను ఒక్కనాడూ మెచ్చుకుని ఎరగదు. తిట్టకుండా తిని లేచిందంటే బాగుందని నేనే అర్థం చేసుకోవాలి.

ఆ ఏడు మొదటి ప్రపంచ యుద్ధం ముగింపుకొస్తోందని చెప్పుకుంటున్నారు. దానితోపాటు జ్వరమొకటి వస్తోందని కూడా చెప్పుకుంటున్నారు. ఓడలు దిగిన సిపాయిలు తెచ్చారని కొందరు, గాలిలోనే వచ్చిందని కొందరు. బొంబాయి జ్వరమని దానికి పేరు. ఈరోజు దగ్గితే మూడోనాటికి మనిషి లేడని కాట్పాడి నుంచి నూలు తెచ్చే బండివాడు చెప్పాడు. అది విన్నదే తడవుగా అత్త ఎలుకల మీద పడింది. ప్లేగు రోజుల్లో ఊరు విడిచి పొలాల్లో పాకలు వేసుకుని బతికిన మనిషి ఆమె. పెద్ద రోగమంటే ఎలుకతోనే వస్తుందని గట్టి నమ్మకం. మా ఆయనా నేనూ వారం రోజులు బియ్యపు కుండల వెనకా, అటక మీదా, మగ్గం గుంటల్లోనూ చీపుళ్ళు పట్టుకుని తిరిగాం. ఈ జ్వరానికీ ఎలుకకూ సంబంధమే లేదని చాలా ఏళ్ళకు తెలిసింది. ఏమైతేనేం, ఆ ఏడాది మా ఇంట్లో నూలు కొరికే ఎలుక లేదు.

ఆ తర్వాత శొంఠి, మిరియాలు, గుమ్మానికి వేపమండలు, రెండు బానల రాగిపిండి వచ్చి చేరాయి. రోజూ పొద్దున్నే నేలవేము కషాయం. తలచుకుంటే ఇప్పటికీ నాలుక మెలిపడుతుంది. మమ్మల్ని వరసగా నిలబెట్టి లోటాతో పోసేది. మింగి, నోరు తెరిచి చూపించాలి. మెలితిప్పిన మీసాలతో మా ఆయన కూడా బుద్ధిగా నోరు తెరిచి చూపించేవాడు. నాకు నవ్వొస్తే కషాయం ముక్కులోకి ఎక్కేది. అప్పుడు ఇంకో సగం లోటా.

ఇవన్నీ పైపై ఏర్పాట్లు. "యే పెద్దరోగమైనా ఒక మండలముండి పోతాది. నలభై నాళ్ళు తలుపేసుకోనుంటే మన జోలికి రాదు" అనేది అత్త. అయితే నేతవాళ్ళు తలుపు మూసుకోవాలంటే ఇంట్లో తిండిగింజలుంటే చాలదు, పడుగు కూడా, అంటే మగ్గం మీద నిలువునా సాగే నూలు కూడా, ఉండాలి. మగ్గానికెక్కిన పడుగు పది రోజుల్లో అయిపోతుంది. కొత్త పడుగుకు గంజి పట్టించాలంటే దాన్ని వీధి పొడవునా సాగదీయాలి, అందుకు వీధంతా సాయం పట్టాలి. కాబట్టి జ్వరం ఊళ్ళోకి రాకముందే మగ్గానికి నాలుగు పడుగుల చొప్పున గంజి పెట్టి చుట్టి ఉంచుకోవాలని అత్త అంటే, వీధిలో మగవాళ్ళు కూడా ఔనన్నారు. ఒక్క చిక్కు మిగిలింది. మగ్గం మీది పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలితిప్పి అతకాలి. వేల పోగులు. మా ఇంటికి ఆ పని చేసిపెట్టే ముసలామె రెండు వీధుల అవతల ఉండేది. తలుపులు మూసుకున్నాక ఆమె ఎట్లా వస్తుంది?

ఆ పని మీదనే మా అమ్మ నన్ను పెంచింది. నాన్న పోయాక వేలూరులో కోట కందకం దగ్గర ఒక చిన్న గదిలో ఒక్కతే ఉండేది. బొటనవేలికి కాస్త బూడిద అద్దుకుని, ఎదుటివాళ్ళతో కబుర్లు చెబుతూనే పోగు మీద పోగు అతుకుతూ పోయేది. ఆ రోజుల్లోనే అమ్మ దగ్గరనుంచి కార్డు వచ్చింది. మా ఇళ్ళల్లో మాట తెలుగు, కాగితం మీద అరవం. నాన్న నేర్పిన తెలుగక్షరాలు నాకు వచ్చు గానీ అరవం అప్పటికి రాదు. అత్తకు ఏ అక్షరాలూ రావు. మా ఆయనే కార్డు చదివి అత్తకు వినిపించాడు. అక్కడ క్షేమమట, పనులు తగ్గాయట, పిల్లను చూడాలని ఉందట. అంతే. తర్వాత పెరట్లో బావి దగ్గర నాకు మిగతాది చదివాడు. ఇక్కడ మా ఎదురింట్లో ఇద్దరు పోయారు. గోడ అవతల ముసలాయనకు దగ్గు మొదలైంది. నాకేమీ లేదు, భయపడొద్దు. నా చేతిలోని చేంతాడు జారి బొక్కెన బావిలో పడింది. "ఇది మాయమ్మకు తెలిస్తే మీయమ్మను గడప తొక్కనీదు" అన్నాడాయన. నిజమే. వేలూరు మనుషులెవరూ మా గుమ్మం ఎక్కకూడదని అత్త అప్పటికే వీధంతా వినేలా చెప్పి ఉంది.

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. గోడ అవతల దగ్గు వింటూ అమ్మ ఒంటరిగా పడుకుని ఉంటుందన్న ఆలోచనే. నాలుగోనాడు ధైర్యం చేసి, నేస్తున్న అత్త దగ్గరికి పోయి నిలబడ్డాను. "అత్తా, మాయమ్మ వస్తే రెండు మగ్గాలకూ అతుకు ఇంట్లోనే అయిపోతాది. బయటామెతో పనుండదు" అన్నాను. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆమె చేతిలో ఆగింది. "ఆడ యెట్లుండాదంట?" అని అడిగింది. నేను నేల చూస్తూ, "బాగానే ఉండాదంట" అన్నాను. అబద్ధాలు ఆ తర్వాత కూడా ఆడాను గానీ, అంత భయపడుతూ ఆడింది అదొక్కటే. అత్త నన్ను కాసేపు చూసి మళ్ళీ నేతలో పడింది. మర్నాడు తెల్లారకముందే మా ఆయనను లేపి, "పోయి మీయత్తను తోడుకోనిరా. దోవలో యాడా నిలబడొద్దు, యెవురితోనూ మాట్లాడొద్దు" అంది.

సాయంత్రానికి అమ్మ ఒక మూట, ఒక ఊరగాయ జాడీతో స్టేషను నుంచి వచ్చిన ఎడ్లబండి దిగింది. గడప దగ్గరే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "తప్పుగా అనుకోవద్దు వదినా. మూడునాళ్ళు పంచలో ఉండు. కూడూ నీళ్ళూ ఆడికే వస్తాయి." అమ్మ ఊరుకునే రకమా? "ఇంత దూరం పిలిపించింది పంచలో పండబెట్టేదానికా వదినా?" అని అక్కడే చతికిలబడింది. మూడు రోజులూ మూసిన తలుపుకు అటొకరు ఇటొకరు కూర్చుని నూలుకు పెట్టే గంజి మీద వాదించుకున్నారు. వేలూరు గంజి నీళ్ళని అత్త, గుడియాత్తం గంజి బంకని అమ్మ. మూడోనాటికి ఇద్దరికీ ఎంత జత కుదిరిందంటే, మధ్యలో నేనొకదాన్ని ఉన్నానని ఇద్దరూ మరిచిపోయారు. నాలుగోనాడు పసుపునీళ్ళ స్నానం చేయించి అత్త ఆమెను లోపలికి పిలిచింది. అమ్మ చేసిన అతుకు చూసి అత్త నా వైపు తిరిగి, "నీకు పోగు అతకను రాదని ఇన్నాళ్ళూ తిడతా ఉంటిని. మీయమ్మ చెయ్యి చూసినాక తెలిసింది, నేను తిట్టింది చాలదని" అంది. నాకు ఏడుపు రావలసింది, నవ్వొచ్చింది. అమ్మ కళ్ళెదురుగా ఉంటే ఎన్ని తిట్లైనా తినగలననిపించింది.

ఆ తర్వాత ఎనిమిది పొద్దులు వీధిలో గంజి పని. నా కాపురంలో అంత సంబరం మళ్ళీ చూడలేదు. ఎండ రాకముందే పడుగులు ఈ కొస నుంచి ఆ కొసకు సాగేవి. ఉడికిన బియ్యపు గంజి వాసన, తడి నూలు వాసన, కుంపట్ల పొగ. అటు పదిమంది, ఇటు పదిమంది, మధ్యలో పెద్ద కుంచె లాక్కుంటూ పోయేవాళ్ళిద్దరు. తెగిన పోగు కోసం అందరి తలలూ ఒకే చోట వంగేవి. పరాచికాలు, దెప్పుళ్ళు, ఒకే చెంబులో నీళ్ళు. మధ్యలో ఎవరో దగ్గితే గంజి ఆవిరి అనుకున్నాం. ఒకరికొకరు దూరంగా ఉండడానికి ఏర్పాట్లు చేసుకుంటూ, ఎనిమిది రోజులు భుజాలు రాసుకుని నిలబడ్డాం. ఇప్పుడు చెబితే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఆ రోజు మాత్రం అంత పెద్ద వీధిలో ఒక్కరికీ తోచలేదు.

తలుపులు మూసుకున్న మూడోనాటికి వీధి మొదట్లో ఏడుపు వినిపించింది. ఆ తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. తొమ్మిదోనాడు అత్త మగ్గం మీదే తల వాల్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మంచం మీద పడుకోబెడితే అమ్మ పక్కనే కూర్చుని తడిగుడ్డలు వేస్తూ, కషాయం తాగిస్తూ కదల్లేదు. ఆ మధ్యాహ్నం ఎదురింటామె కిటికీలోంచి అరిచింది. "వేలూరు మనిషిని తెచ్చి పెట్టుకోనిరి, వీధికంతా రోగం తెచ్చిరి!" అమ్మ లేచి పోయి తన మూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

నేనిక ఆగలేకపోయాను. మంచం కోడు పట్టుకుని, "అత్తా, నేను అబద్ధం చెప్పినా. ఆడ బాగలేదని నాకు తెలుసు" అని ఏడ్చాను. ఆమె కళ్ళు తెరిచింది. ఒక్కో మాటకూ రొప్పుతూ, "కార్డు నేను ఆ పొద్దే మన ఎదురింటాయన చేత చదివించుకొంటి. ఇద్దురు పోయినారని తెలుసు. నువ్వు మూడునాళ్ళు కూడు తినకుంటే నాకు అగపడలేదనుకొంటివా? తెలిసే పిలిపించినా" అంది. తర్వాత గొంతు పెంచి అమ్మను పిలిచింది. "వదినా, మూట విప్పు. యెవురన్నా అంటే నేను పిలిపించినానని చెప్పు. ఇది నీ ఇల్లు."

రెండు రోజులకు ఆమె పోయింది. జ్వరం ఎవరితో వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. పంచలో ఉన్న మూడు రోజుల్లో అమ్మ ఒక్కసారి కూడా దగ్గలేదు, గంజి వరసలో దగ్గినవాళ్ళను నా చెవులతో విన్నాను. అయినా తెలియదు. దినాలయ్యాక అమ్మ కొత్త పడుగు అతికింది. నేను కుచ్చిళ్ళు ఎగదోపుకుని అత్త గుంటలో దిగాను. వీధిలో ఎవరూ ఏమీ అనలేదు.

అమ్మ ఆ ఇంట్లోనే ఇరవై ఆరేళ్ళు బతికింది. నా పిల్లలకు తల దువ్వింది, మనవరాలి పెళ్ళి చూసింది, నా చేతుల్లోనే కన్నుమూసింది. ఒక్క మండలానికి అమ్మను అడిగిన నాకు కాలం ఇరవై ఆరేళ్ళు ఇచ్చింది. అమ్మను నాకిచ్చిన అత్తకు మాత్రం ఆ నలభై రోజులైనా నిండనివ్వలేదు.