గురువుగారి గిటారుకు పదమూడు మరమ్మతులు

ఆ రోజుల్లో లోకంలోని వస్తువులు నాకు రెండు రకాలుగానే కనిపించేవి: నేను బాగుచేసినవి, ఇంకా నా చేతికి రానివి. బందరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, గుడివాడలో ఒక సౌండ్ సర్వీసు షాపులో చేరి ఏడాదయింది. చొక్కా జేబులో టెస్టరు, చిన్న నోటుపుస్తకం, మూడు రంగుల పెన్నులు ఉండేవి. (లోపాలకు ఎరుపు, అనుమానాలకు నీలం, పూర్తయిన పనులకు ఆకుపచ్చ. నీలం పెన్ను దాదాపు కొత్తదిగానే మిగిలిపోయింది.) షాపు యజమానిని వీధి వీధంతా మావయ్యా అనేది, నేనూ అలాగే అనేవాణ్ణి. ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. ఆయనకు కూతుళ్ళు లేరు కాబట్టి అందులో ఇద్దరికీ ప్రమాదం లేదు. మావయ్య దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ ఆంప్లిఫయరులోంచి ఏ భాగం తీసి కొత్తది వేసినా, ఆ పాతదాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి, ముడివేసి, సరుకు తెచ్చినవాళ్ళ చేతికే ఇచ్చెయ్యాలి. మార్చకుండానే మార్చామని చెప్పారేమో అన్న అనుమానం ఎవరికీ రాకూడదు. ఆ కవర్లు ఇంటికి పట్టుకెళ్ళి జనం ఏం చేసుకుంటారో మేమెప్పుడూ ఆలోచించలేదు.

ఒక ముసురు పట్టిన రోజున దివిసీమ నుంచి ఆర్కెస్ట్రా బాబాయి వచ్చాడు. ఆయన నాకు బాబాయి కాదు, పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో, మోపిదేవి వైపు ఉత్సవాల్లో ముప్ఫై ఏళ్ళుగా గిటారు వాయిస్తున్నందుకు అందరికీ బాబాయి అయ్యాడు. గడ్డం పెరిగి ఉంది. నల్లటి పెట్టెను బల్లమీద పెట్టి, మూత తియ్యకుండా కాసేపు అలాగే చెయ్యి ఆనించి నిలబడ్డాడు. లోపల ఉన్నది ఆయన గురువుగారి ఎలక్ట్రిక్ గిటారు. గురువుగారంటే మద్రాసు స్టూడియోల్లో పాతికేళ్ళు వాయించిన మనిషి. ఆయన పేరు చెప్తే మీలో సగంమంది ఆయన వాయించిన పాటలు పాడటం మొదలుపెడతారు, మిగతా సగం పాటలు చెప్పాక పేరు గుర్తుచేసుకుంటారు. వయసు మీదపడ్డాక బందరు వచ్చి స్థిరపడ్డారు. ఎడమచెయ్యి పడిపోయాక గిటారును శిష్యుడికి ఇచ్చేశారు. నాలుగు రోజుల క్రితం పోయారు.

"పెద్దకర్మకి అమ్మగారు ఒక్కటే అడిగారయ్యా," అన్నాడు బాబాయి. "ఆయన గిటారు ఒకసారి వినిపించు, చాలు అన్నారు. ఆవిడకి చూపు ఆనదు. ఫొటో పెట్టినా, దండ వేసినా ఆవిడకేం తెలుస్తుంది. ఇదేమో రెండు నెలల నుంచి మోగినట్టే మోగి ఆగిపోతోంది."

మావయ్య వెనకపలక విప్పి, టార్చి వేసి చూసి, అర నిమిషంలో తేల్చేశాడు. "వైరు అతుకు వదిలింది. ఒక్క చుక్క సీసం పెట్టి ఇచ్చెయ్ అల్లుడూ. మిగతావి ముట్టుకోకు." ఆ మాట చెప్పి ఒక సభకు మైకులు కట్టడానికి వెళ్ళిపోయాడు. బాబాయి కూడా నాలుగు రోజుల్లో వస్తానని వెళ్ళాడు. షాపులో నేనూ, గిటారూ మిగిలాం.

అతుకు పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. మోగింది. అక్కడితో ఆపి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు, నేను కొంచెం తేలిగ్గా నిద్రపోయేవాణ్ణి. కాని విప్పిన వస్తువును విప్పినట్టే మూసెయ్యడం నాకు చేతకాని విద్య. నోటుపుస్తకం తీశాను. వాల్యూం తిప్పితే గరగరమంటోంది. బందరు ఉప్పుగాలికి మరలన్నీ తుప్పుపట్టాయి. తీగలు నల్లబడ్డాయి. కెపాసిటరు వయసు నాకంటే ఎక్కువ. లోపలి గూడుకు బయటి మోతను ఆపే రేకుతొడుగు లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, తీగల కదలికను పట్టుకునే రెండు పికప్పులూ పాతకాలపు ఒంటిచుట్టవి, కరెంటు లైన్లలో ఉన్న మోతనంతా పీల్చి స్పీకరులోకి వదులుతున్నాయి. వేలు పెట్టకుండానే గిటారు సన్నగా గుర్రుమంటోంది. ఎరుపు పెన్నుతో లెక్కపెడితే పదమూడు లోపాలు తేలాయి. అంత గొప్పాయన ఇన్నేళ్ళు పదమూడు లోపాలతో ఎలా నెట్టుకొచ్చారా అని నిజంగా జాలిపడ్డాను. (ఆ జాలిని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) బెజవాడ నుంచి మోత రాని కొత్తరకం పికప్పులు తెప్పించాను. మూడు రోజులు అన్నం కూడా బల్ల దగ్గరే తిన్నాను. పదమూడింటికీ ఎదురుగా ఆకుపచ్చ టిక్కులు పడ్డాయి. పాత భాగాలన్నీ పద్ధతి ప్రకారం కవర్లో వేసి ముడివేశాను.

బాబాయి వచ్చి, స్టూలు మీద కూర్చుని, నాలుగు స్వరాలు వాయించి ఆగాడు. మళ్ళీ వాయించాడు. స్పీకరు వైపు చూశాడు, తర్వాత గిటారు వైపు చూశాడు.

"బాగుందా బాబాయ్?"

"శుభ్రంగా ఉంది," అన్నాడు.

"హమ్మింగు అస్సలు లేదు గమనించారా?"

"గమనించానయ్యా."

నేను దాన్ని మెచ్చుకోలు కింద రాసుకున్నాను. కవరు చేతికిస్తే, "ఇవేంటి?" అని అడిగాడు. గురువుగారి గిటారులోంచి తీసినవన్నాను. బాబాయి ముడి విప్పలేదు. రెండు చేతులతో అందుకుని, గిటారు పెట్టెలో కాకుండా చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. వైర్ల ముక్కల్ని మనిషి అంత జాగ్రత్తగా ఎందుకు దాచుకుంటాడో నాకు అర్థం కాలేదు. అర్థం కానివి రాయాల్సింది నీలం పెన్నుతో కదా, ఆరోజు కూడా దాన్ని బయటికి తియ్యలేదు.

పెద్దకర్మ నాడు, ఎవరూ పిలవకపోయినా, నా పనితనం నేనే వినాలని గుడివాడలో బస్సెక్కాను. పెడన దాటేదాకా వానే. బందరులో గురువుగారి ఇంటిముందు షామియానా వేశారు, దానిమీద నీళ్ళు నిలిచి బరువుగా వేలాడుతోంది. భోజనాలయ్యాక నలుగురు పెద్దలు నాలుగు మాటలు మాట్లాడారు. అమ్మగారు ముందువరసలో ప్లాస్టిక్ కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బాబాయి స్విచ్ వేశాడు. స్పీకరులో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. నా గుండె పొంగింది. గురువుగారు వాయించిన ఒక పాత పాట ముందుభాగం వాయించాడు బాబాయి. ఒక్క తప్పూ దొర్లలేదు.

ముగిసింది. అందరూ అమ్మగారి వైపు చూశారు. ఆవిడ తల ఇంకా కొంచెం పక్కకి వంచే ఉన్నారు, ఏదో ఇంకా మొదలవ్వాలన్నట్టు.

"బాగా వాయించావు నాయనా," అన్నారు మెల్లగా. "ఆయన గిటారు తేవడం కుదరలేదా?"

"ఇది ఆయనదేనమ్మా," అన్నాడు బాబాయి.

"అవునా," అన్నారావిడ. "ఆయన స్విచ్ వెయ్యగానే గుర్రుమనేది. వంటింట్లోకి వినబడేది. ఇహ కూర్చున్నారు, ఓ గంటదాకా పిలవకూడదు అనుకునేదాన్ని. పోనీలే బాబూ. వయసు నాది, చెవులు కూడా పోతున్నట్టున్నాయి."

ఆవిడ చెవులు ఎంత మంచివో ఆ షామియానా కింద ఇద్దరికే తెలుసు. నేను కుర్చీల మధ్యలోంచి దూరి బాబాయి దగ్గరికి వెళ్ళాను. నా బుర్ర అప్పటికే మరమ్మతు వెతుక్కుంది. పాత పికప్పులు మళ్ళీ బిగించాలంటే నాలుగు మరలు, మూడు అతుకులు, ఇరవై నిమిషాలు.

"బాబాయ్, ఆ కవరు ఎక్కడుంది?"

"ఏ కవరు?"

"పాత భాగాల కవరు."

ఆయన నన్ను వింతగా చూశాడు. "నిన్న పొద్దున హంసలదీవి వెళ్ళాం కదరా, అస్థికలు కలపడానికి. అవీ కలిపేశాను."

"పికప్పులు సంగమంలో కలిపారా?"

"ఆయన ఒంటిమీదవే కదా అవి కూడా. ఇంట్లో ఎలా పెట్టుకుంటాను? పంతులుగారిని అడిగితే, గురువుగారివైతే కలిపెయ్ అన్నారు. కవరు విప్పి, దణ్ణం పెట్టి, ఒక్కొక్కటే వదిలాను." మళ్ళీ తనే, "కవరు మాత్రం నీళ్ళలో వెయ్యలేదు," అన్నాడు.

ఆయన చేసినదాంట్లో తప్పు కోసం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు. కృష్ణ సముద్రంలో కలిసేచోట అడుగున ఇసుకలో రెండు పికప్పులు, ఒక కెపాసిటరు, కొన్ని మరలు ఉన్నాయి. నా జీవితంలో తీసిన పాత సామానుకు మరెక్కడా అంత గౌరవం దక్కలేదు.

మావయ్య సంగతంతా విని తిట్టలేదు. "ముట్టుకోవద్దన్నానా లేదా," అని ఒక్కమాట అని, టీ తాగడానికి వెళ్ళిపోయాడు. తిడితేనే బాగుండేది. వారం తర్వాత బాబాయిని వెంటబెట్టుకుని మళ్ళీ బందరు వెళ్ళాను. ఈసారి పని తలకిందులు. రేకుతొడుగు పీకేశాను. ఎక్కడినుంచో సంపాదించిన పాతరకం పికప్పులు వేశాను. ఎర్తు వైరు వదులు చేశాను. మూడేళ్ళు చదివి నేర్చుకున్నదంతా మోత ఎలా పోగొట్టాలో చెప్పేదే, రప్పించడం ఎలాగో ఏ మాస్టారూ చెప్పలేదు. చివరికి అమ్మగారి ముందుగదిలో స్విచ్ వేస్తే గిటారు గుర్రుమంది. నా చెవికి అచ్చం అదే. బాబాయి నాలుగు స్వరాలు పలికించాడు.

అమ్మగారు తల వంచి విన్నారు. చాలాసేపు విన్నారు.

"ఆఁ, ఇదే బాబూ," అన్నారు. "ఇదే. పాపం, రెండుసార్లు తిరిగారు నాకోసం." ఆ మాట అంటూనే లేచి, గోడ పట్టుకుంటూ కాఫీ పెట్టడానికి వెళ్ళిపోయారు. బాబాయి వాయిస్తూనే ఉన్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు బల్లమీద బస్సు కోసం కూర్చున్నాం. బాబాయే అన్నాడు. "మన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అన్నారురా ఆవిడ. ఇది కాదని ఆవిడకి మొదటి చప్పుడుకే తెలిసింది."

నేను కొంత ఆలోచించి, చాలా గంభీరంగా అడిగాను. "కాదని ఎలా తెలిసుంటుంది బాబాయ్? మోత ఎక్కువైందంటారా, తక్కువైందంటారా?"

బాబాయి నా మొహంలోకి చూశాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. గురువుగారు పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను. ఎందుకు నవ్వుతున్నాడో తెలియక, మర్యాదకి నేనూ నవ్వాను. ఇప్పుడు నాకు జుట్టు కొంచెం పలచబడింది, ఎవరైనా పాతవస్తువు తెస్తే ముందు దాన్ని ఇంట్లో ఎవరు వింటుంటారని అడుగుతాను. ఆ బల్లమీద అర్థంకాకుండా నవ్వుతున్న కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం ఒకప్పటిలా కోపం రాదు. పక్కన కూర్చుని, వాడికి ఒక టీ ఇప్పించి, సమాధానం వాడంతట వాడికి తట్టేదాకా బస్సులు వదిలేసుకోవాలనిపిస్తుంది.